హనుమకొండ షెడ్డులో ఒక పాత బీటిల్

మా మేనమామగారి షెడ్డులో ఏళ్ల తరబడి మూలపడి ఉన్న 1956 నాటి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారును హనుమకొండకు తెచ్చిన నాటి నుండి, చూడవచ్చిన ప్రతివారూ అడిగే మొదటి ప్రశ్న, ఇంజిన్‌ను చల్లబరిచే నీటిని చల్లార్చే రేడియేటర్ ఎక్కడ అన్నదే. 1192 సీసీల ఆ నాలుగు సిలిండర్ల ఇంజిన్ వెనుక భాగంలో ఉంటుంది. దానిని చల్లబరిచేది నీరు కాదు, జనరేటర్ షాఫ్టుకు బిగించిన ఫ్యాను తోలే గాలి.

ఆ ఫ్యాను మీది రేకు తొడుగును విప్పగా ఎలుకలు పేర్చుకున్న గడ్డి, దూది, సీటు పీచు గుప్పెళ్ల కొద్దీ బయటపడ్డాయి. అవి తీయకుండా ఇంజిన్‌ను నడిపితే ముందుగా దెబ్బతినేది మూడో సిలిండరే, ఎందుకంటే ఇంజిన్ ఆయిల్‌ను చల్లార్చే ఆయిల్ కూలర్ తొడుగులోనే నిలబడి, ఆ సిలిండర్‌కు చేరవలసిన గాలిని కొంత అడ్డుకుంటుంది. ఇంజిన్ చుట్టూ ఉండే రేకులనూ రబ్బరు అంచులనూ పనికిరానివని పారవేసే మెకానిక్‌లు ఉన్నారు. కింది వేడిగాలి మళ్లీ ఫ్యానులోకి చేరకుండా ఆపేవి అవే కనుక, ఓరుగల్లు మే నెల ఎండల్లో వాటిని వదులుకోవడం నా దృష్టిలో శుద్ధ అవివేకం.

వెనుక సీటు కింద బ్యాటరీ ఉండే చోట నేల రేకు తుప్పుపట్టి, వేలితో నొక్కితే పొరలుగా రాలింది. టింకరింగ్ పనివారు ఆ మేరకు కోసి కొత్త రేకు అతికారు. ఆరు వోల్టుల విద్యుత్ వ్యవస్థను పన్నెండుకు మార్చమని చాలామంది సలహా ఇచ్చినా (హెడ్‌లైట్లు నిజంగానే మసకే), తీగలు, ఎర్తు కనెక్షన్లు శుభ్రం చేయించి అలాగే ఉంచాను. చక్రాల వద్ద బ్రేకులను నొక్కే వీల్ సిలిండర్లు అందగానే కాజీపేట దాకా నడిపి చూడాలి.