క్లచ్ కొత్తదే, గేర్ మాత్రం పడటం లేదా? గేర్‌బాక్స్ మళ్లీ దించే ముందు ఇవి చూడండి

క్లచ్ సెట్ మార్పించి కారు బయటికి తీస్తే ఫస్ట్ గేర్ బలవంతంగా పడుతోంది, రివర్స్ వేస్తే గర్రుమంటోంది. షెడ్డుకి ఫోన్ చేస్తే వచ్చే జవాబు చాలాసార్లు ఒకటే: "కొత్త క్లచ్ కదా సార్, నాలుగు రోజులు తిప్పండి, సెట్ అయిపోతుంది." ఇందులో సగమే నిజం. కొత్త ప్లేటు, ఫ్లైవీల్ (ఇంజిన్ చివర తిరిగే బరువైన చక్రం) ఒకదానికొకటి ఒరుసుకుని కుదురుకోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. ఆలోగా క్లచ్ పట్టే చోటు కాస్త మారొచ్చు, బండి కదిలేటప్పుడు చిన్న వణుకు ఉండొచ్చు, కొద్దిగా వాసన కూడా రావచ్చు. కానీ పెడల్ అడుగంటా తొక్కినా గేర్ పడకపోవడం తిప్పితే తగ్గే జబ్బు కాదు. అలాగే తిప్పుతూ పోతే సింక్రోనైజర్ రింగులు (గేర్ పడేముందు వేగాలు కలిపి పళ్లు గుద్దుకోకుండా చూసేవి) అరిగిపోయి, క్లచ్ ఖర్చు మీద గేర్‌బాక్స్ ఖర్చు కూడా నెత్తిన పడుతుంది.

అలాగని వెంటనే "గేర్‌బాక్స్ దించు" అనడమూ తప్పే. ఈ సమస్యకు కారణం చాలాసార్లు బయటే ఉంటుంది: పెడల్ కింద, కేబుల్ చివర, ఫ్లూయిడ్ పైపులో, గేర్ లీవర్ కేబుల్ క్లిప్పులో. వాటిని చూడటానికి అరగంట చాలు. గేర్‌బాక్స్ దించితే ఒక రోజు పోతుంది, లేబర్ మళ్లీ మొదటికొస్తుంది.

ముందు ఇంజిన్ ఆపి, క్లచ్ తొక్కి అన్ని గేర్లూ ఒక్కొక్కటిగా వేయండి. ఏదైనా గేరు అడ్డుపడితే కారును కాస్త ముందుకో వెనక్కో కదిపి మళ్లీ వేయండి. పళ్ల మొనలు ఒకదానికొకటి ఎదురుగా నిలబడినప్పుడు ఏ కారులోనైనా అలా అడ్డుతుంది, అది లోపం కాదు. ఇంజిన్ ఆగినప్పుడు గేర్లన్నీ హాయిగా పడి, స్టార్ట్ చేశాక పడకపోతే క్లచ్ పూర్తిగా వదలడం లేదని, అంటే పెడల్ తొక్కినా ప్లేటు ఫ్లైవీల్ నుంచి విడిపోవడం లేదని అర్థం. ఇంజిన్ ఆపినా గట్టిగానే ఉంటే క్లచ్‌ను పక్కన పెట్టి, గేర్ లీవర్ నుంచి గేర్‌బాక్స్ దాకా ఉన్న దారిని చూడాలి.

క్లచ్ మీద అనుమానం ఉంటే రివర్స్‌తో నిర్ధారించుకోవచ్చు. ఇంజిన్ వేడెక్కి ఐడిలింగ్‌లో ఉండగా, న్యూట్రల్‌లో పెడల్ పూర్తిగా తొక్కి నాలుగైదు సెకన్లు ఆగి, అప్పుడు రివర్స్ మెల్లగా వేయండి. చాలా చిన్న కార్లలో రివర్స్‌కు సింక్రోనైజర్ ఉండదు. క్లచ్ సరిగ్గా వదిలితే ఆ నాలుగైదు సెకన్లలో గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ (ప్లేటు కూర్చునే ఇరుసు) తిరగడం ఆగిపోతుంది, రివర్స్ చప్పుడు లేకుండా పడుతుంది. గర్రుమంటే షాఫ్ట్ ఇంకా తిరుగుతూనే ఉంది, అంటే ప్లేటు ఫ్లైవీల్‌కు రాసుకుంటోంది. ముందు ఫస్ట్ వేసి ఆ తర్వాత రివర్స్‌లోకి లాగే అలవాటున్నవాళ్లకు ఈ లోపం బయటపడదు, ఎందుకంటే ఫస్ట్ గేర్ సింక్రోనైజరే ఆ షాఫ్ట్‌ను ఆపేస్తుంది. అందుకే పరీక్ష చేసేటప్పుడు నేరుగా రివర్సే వేయాలి.

ఇక పెడల్ దగ్గరికి. ఈమధ్య అందరూ వేయిస్తున్న మందపాటి 7డి మ్యాట్లు పెడల్‌ను చివరిదాకా పోనివ్వవు. పాత క్లచ్ పెడల్ బాగా పైకి వచ్చాక పట్టేది కాబట్టి ఆ తేడా తెలిసేది కాదు. కొత్తది కిందికి పట్టేసరికి ఆ రెండు సెంటీమీటర్లే కరువవుతాయి. మ్యాట్ తీసేసి ఒకసారి నడిపి చూడండి.

మారుతి 800, ఆల్టో, ఓమ్ని లాంటి కేబుల్ క్లచ్ బండ్లలో తర్వాత చూడాల్సింది ఫ్రీ ప్లే. పెడల్‌ను చేత్తో నొక్కితే బరువు తగిలే ముందు ఎంత వదులుగా కదులుతుందో స్కేలు పెట్టి కొలవండి. కచ్చితమైన అంకె మీ కారు మాన్యువల్‌లో ఉంటుంది, చిన్న కార్లలో ఎక్కువగా 10 నుంచి 25 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ప్లేటు మార్చాక ఇది ఎందుకు మారుతుందో తెలుసుకోవాలి. ప్లేటు అరిగేకొద్దీ, దాన్ని ఫ్లైవీల్‌కు నొక్కి పట్టే ప్రెజర్ ప్లేటు మధ్యలో ఉండే వేళ్లు గేర్‌బాక్స్ వైపు జరుగుతూ వస్తాయి, ఫ్రీ ప్లే తగ్గుతూ పోతుంది, దానికి తగ్గట్టు మెకానిక్ ఎప్పటికప్పుడు కేబుల్ వదులు చేస్తాడు. మందంగా ఉన్న కొత్త ప్లేటు పడగానే ఆ వేళ్లు మళ్లీ ఫ్లైవీల్ వైపు వెళ్లిపోతాయి. పాత అడ్జస్ట్‌మెంట్ అలాగే వదిలేస్తే పెడల్ తొక్కులో సగం వదులు తీయడానికే సరిపోతుంది, ప్లేటును విడదీయడానికి ఏమీ మిగలదు. ఫోర్క్ (గేర్‌బాక్స్ దగ్గర కేబుల్ లాగే లీవర్) దగ్గరున్న అడ్జస్టింగ్ నట్‌ను రెండు మూడు చుట్లు బిగించి, మళ్లీ కొలిచి, రివర్స్ పరీక్ష చేయండి. ఫ్రీ ప్లే సున్నా అయ్యేదాకా మాత్రం బిగించొద్దు. అలా చేస్తే, పెడల్ తొక్కినప్పుడు మాత్రమే ఆ వేళ్లను నొక్కాల్సిన రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ వేళ్లను తాకుతూనే ఉంటుంది. బేరింగ్ అరుగుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ జారి ఇంజిన్ అరుస్తుందే తప్ప బండికి పుల్లింగ్ ఉండదు.

క్లచ్ సెట్ కొత్తది వేసి పాత కేబులే తగిలించడం చాలా షెడ్లలో మామూలే. లోపలి తీగ పోగులు తెగి ఉన్నా, బయటి తొడుగు సైలెన్సర్ పైపు వేడికి కరిగినా, కేబుల్ సాగుతుంది లేదా ఇరుక్కుంటుంది. ఆ కాస్త డబ్బు దగ్గర చూసుకోకుండా కేబుల్ కూడా మార్పించుకోవడమే మంచిది.

కేబుల్ కొత్తది వేసిన కొన్నాళ్లకే బిగుసుకుపోతుంటే ఎర్త్ స్ట్రాప్ చూడండి. ఇది చాలామందికి తట్టదు. గేర్‌బాక్స్ దించేటప్పుడు బాడీకీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉన్న ఎర్త్ తీగ విప్పుతారు, ఎక్కించాక తగిలించడం మరిచిపోతారు. అప్పుడు స్టార్టర్ మోటార్ లాగే వందల ఆంపియర్ల కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లడానికి దారి వెతుక్కుంటుంది. క్లచ్ కేబుల్, గేర్ కేబుల్ ఉక్కువే కాబట్టి వాటి గుండా పోతుంది, లోపలి ప్లాస్టిక్ తొడుగు కరిగి తీగకు అంటుకుంటుంది. స్టార్ట్ చేసిన వెంటనే కేబుల్ పట్టుకుంటే వేడిగా తగలడం, సెల్ఫ్ నీరసంగా తిరగడం దీని గుర్తులు. మల్టీమీటర్ ఉంటే ఒక తీగ బ్యాటరీ నెగటివ్‌కు, ఇంకోటి గేర్‌బాక్స్ లోహానికి పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ సరిగా లేనట్టే.

కేబుల్ బదులు ఫ్లూయిడ్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్ ఉన్న బండ్లలో మొదటి అనుమానం గాలి మీదే. పెడల్ మెత్తగా స్పాంజిలా ఉండి, రెండు మూడు సార్లు గబగబా తొక్కితే అప్పుడు గేర్ బాగా పడుతోందంటే పైపులో గాలి ఉంది. గాలి తీయడానికి ఇద్దరు మనుషులు, ఒక పారదర్శక ట్యూబు, కాస్త ఫ్లూయిడ్ పోసిన సీసా, స్లేవ్ సిలిండర్ (గేర్‌బాక్స్ దగ్గర ఫోర్క్‌ను నెట్టేది) మీద గాలి తీయడానికి ఉండే నిపుల్‌కు సరిపడే స్పానర్ చాలు. రిజర్వాయర్ మూత మీద రాసి ఉన్న గ్రేడ్ బ్రేక్ ఫ్లూయిడే, డాట్ 3 అయినా డాట్ 4 అయినా, కొత్తగా సీలు తీసిన డబ్బా నుంచి పోయాలి. ఇంజిన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ లాంటివి చుక్క కలిసినా రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి. ట్యూబు ఒక చివర నిపుల్‌కు తొడిగి, రెండో చివర సీసాలోని ఫ్లూయిడ్‌లో మునిగేలా పెట్టండి. ఒకరు పెడల్ మెల్లగా తొక్కి అలాగే పట్టుకోవాలి, రెండోవారు నిపుల్ పావు చుట్టు వదులు చేసి, బుడగలు పోగానే బిగించాలి, ఆ తర్వాతే పెడల్ వదలాలి. నిపుల్ తెరిచి ఉండగా పెడల్ వదిలితే బయటి గాలే లోపలికి వెళ్తుంది. బుడగలు ఆగేదాకా ఇలాగే చేస్తూ, పైన రిజర్వాయర్‌లో ఫ్లూయిడ్ కనిష్ఠ గీత కిందికి పోకుండా పోస్తూ ఉండాలి. ఫ్లూయిడ్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి, లేకపోతే రంగు ఊడిపోతుంది.

ఎన్నిసార్లు తీసినా గాలి పోవడం లేదంటే స్లేవ్ సిలిండర్ ఎలా బిగించారో చూడండి. నిపుల్ పైవైపు ఉండాలి. తలకిందులుగా బిగిస్తే గాలి పైన చిక్కుకుపోతుంది, ఎంత ఫ్లూయిడ్ పోసినా లాభం ఉండదు.

పెడల్ దగ్గర ఉండి ఫ్లూయిడ్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్‌ది వేరే తీరు. సిగ్నల్ దగ్గర ఫస్ట్ గేర్‌లో పెడల్ తొక్కి ఉంచితే కొద్ది సేపటికి బండి తనంతట తానే ముందుకు పాకుతోందా? బయట ఎక్కడా తడి లేకపోయినా మాస్టర్ లోపలి సీలు ఒత్తిడిని వదిలేస్తోంది. "క్లచ్ మార్చకముందు బాగానే ఉంది కదా" అనిపిస్తుంది. పాత సిలిండర్‌లో పిస్టన్ రోజూ కదిలే చోటు నునుపుగా అరిగి, దాని అవతల మురికి, తుప్పు పేరుకుని ఉంటాయి. గాలి తీసేటప్పుడు పెడల్‌ను పదే పదే అడుగంటా తొక్కడంతో సీలు ఆ గరుకు భాగం మీద రాసుకుని కోసుకుపోతుంది. ఈ లక్షణం ఉన్న బండిని సిలిండర్ మార్చేదాకా ట్రాఫిక్‌లోకి తీయొద్దు, ఘాట్ రోడ్డు మాట అసలే వద్దు.

ఇవన్నీ చూశాక ఒక కొలత తీసుకోవాలి. గేర్‌బాక్స్ దించాలా వద్దా అన్నది నా లెక్కలో తేల్చేది ఇదే. ఒకరు పెడల్ పూర్తిగా తొక్కుతుంటే, కింద ఫోర్క్ చివర ఎంత కదులుతోందో స్కేలుతో చూడండి. సాధారణంగా ఒక సెంటీమీటరుకు పైనే కదలాలి. తక్కువ కదిలితే లోపం ఇంకా బయటే ఉంది, గేర్‌బాక్స్ జోలికి పోవద్దు. సరిపడా కదులుతున్నా రివర్స్ గర్రుమంటోందంటే లోపం బెల్‌హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉండే గేర్‌బాక్స్ ముందు భాగం) లోపల ఉంది. స్లేవ్ సిలిండర్ బేరింగ్‌తో కలిసి లోపలే ఉండే బండ్లలో బయట ఫోర్క్ ఉండదు కాబట్టి ఈ కొలత కుదరదు.

ఇంజిన్ ఆపినా గేర్లు గట్టిగా ఉన్న బండి సంగతి కాస్త తేలిక. గేర్‌బాక్స్ పైన రెండు గేర్ కేబుళ్లు వచ్చి చేరే చోట క్లిప్పులు బ్రాకెట్‌లో పూర్తిగా కూర్చున్నాయా, చివరల్లోని ప్లాస్టిక్ బుష్‌లు పగిలాయా చూడండి. ఒకటి, రెండు పడుతూ ఐదు, రివర్స్ పడకపోతే పక్కకి జరిపే కేబుల్ అడ్జస్ట్‌మెంట్ తప్పింది. గేర్‌బాక్స్ మౌంటింగ్ బోల్టులు సరిగా బిగించకపోయినా లీవర్ లెక్క మారిపోతుంది. యాక్సిల్ షాఫ్టులు లాగినప్పుడు గేర్ ఆయిల్ కారిపోతుంది, దాన్ని మళ్లీ నింపారో లేదో ఫిల్లర్ బోల్టు విప్పి చూడండి. చాలా గేర్‌బాక్సుల్లో కారు సమతలంగా ఉన్నప్పుడు ఆయిల్ ఆ రంధ్రం కింది అంచు దాకా ఉండాలి. మాన్యువల్‌లో ఆయిల్ గ్రేడ్ జీఎల్-4 అని ఉంటే అదే పోయండి. జీఎల్-5 "ఇంకా మంచిది" అని అమ్ముతారు గానీ, దాని జారుడు వల్ల సింక్రోనైజర్ రింగులు పట్టు కోల్పోతాయి. ఒక్క థర్డ్ గేరో సెకండో మాత్రమే వేగంగా మార్చినప్పుడు గరగరమని, మిగతావి బాగుంటే ఆ గేరు సింక్రోనైజర్ అంతకుముందే అరిగిపోయి ఉంది. దానికి కొత్త క్లచ్‌తో సంబంధం లేదు.

గేర్‌బాక్స్ దించాల్సిందేనని తేలితే దగ్గరుండి చూడండి. ప్లేటు తిరగేసి వేశారేమో మొదట చూడాలి. ఫ్లైవీల్ వైపు ఏదో ప్లేటు మీదే రాసి ఉంటుంది. తిప్పి వేస్తే మధ్యలోని స్ప్రింగుల గుబ్బ ఫ్లైవీల్ బోల్టులకు తగిలి ప్లేటు విడిపోదు. రెండోది, ప్లేటు వంగి ఉండటం. గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు షాఫ్ట్ స్ప్లైన్‌లోకి (ప్లేటు మధ్యలోని పళ్ల గాడుల్లోకి) దూరాక జాకీ జారితే మొత్తం బరువు ప్లేటు మధ్య భాగం మీద వేలాడుతుంది. లేత్ మీదో షాఫ్ట్ మీదో తిప్పి చూస్తే అంచు ఒక మిల్లీమీటరు దాటి ఊగితే ఆ ప్లేటు పనికిరాదు. స్ప్లైన్‌ల మీద తుప్పు ఉన్నా ప్లేటు వెనక్కి జరగదు. బ్రష్‌తో శుభ్రం చేసి, గ్రీజు వేలితో పలచగా పూసి, మిగిలింది తుడిచేయాలి. ఎక్కువైతే అది ఎగిరి ప్లేటు మీద పడి క్లచ్ జారడం మొదలవుతుంది.

ప్రెజర్ ప్లేటు బోల్టులను ఒకదాన్ని పూర్తిగా బిగించి పక్కదానికి వెళ్తే కవర్ వంకరపోతుంది. ఎదురెదురుగా, మూడు నాలుగు విడతల్లో, చివర టార్క్ రెంచ్‌తో బిగించాలి. ఫ్లైవీల్‌ను లేత్ మీద ఎక్కువ కోసి ఉంటే ప్రెజర్ ప్లేటు మొత్తం బేరింగ్ నుంచి దూరం జరుగుతుంది. ఓమ్ని లాంటి వెనక చక్రాల బండ్లలో క్రాంక్ చివరి పైలట్ బేరింగ్ బిగుసుకుంటే ప్లేటు విడిపోయినా షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది. ఇంజిన్‌కు గేర్‌బాక్స్ సూటిగా కుదిరేలా చేసే బెల్‌హౌసింగ్ డోవెల్ పిన్నులు రెండూ వాటి చోట ఉన్నాయా చూడండి. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో కొన్న సెట్ అయితే, బిగించే ముందే పాత ప్లేటు పక్కన పెట్టి వ్యాసం, స్ప్లైన్ పళ్ల సంఖ్య, మధ్య గుబ్బ ఎత్తు సరిపోల్చాలి. డబ్బా మీద కారు పేరు ఒకటే ఉన్నా ఇంజిన్‌ను బట్టి ప్లేటు మారుతుంది.

ఎక్కించేటప్పుడు గేర్‌బాక్స్ చేత్తో నెడితేనే ఇంజిన్‌కు ఆనాలి. సందు మిగిలితే బోల్టులు బిగించి లాగొద్దు, వెనక్కి తీసి ప్లేటును అలైన్‌మెంట్ టూల్‌తో మళ్లీ మధ్యకు పెట్టాలి. అంతా బిగించాక, ముందు చక్రాల బండి అయితే, వెనక చక్రాలకు అడ్డం పెట్టి హ్యాండ్‌బ్రేక్ వేసి, ముందు ఒక్క చక్రం పైకి లేపి స్టాండ్ మీద నిలపండి. ఇంజిన్ ఆపి టాప్ గేర్‌లో ఉంచండి. పెడల్ వదిలి ఉండగా ఆ చక్రం చేత్తో తిరగకూడదు, తొక్కగానే తేలిగ్గా తిరగాలి. ఇప్పుడు పెడల్ మెల్లగా వదిలిస్తూ, చక్రం ఎక్కడ పట్టేస్తుందో చూడండి. పెడల్ నేల నుంచి బాగా పైకి వచ్చాక పడితే పని సరిగ్గా జరిగినట్టు. నేలకు ఆనుకునే పడితే, బండి షెడ్డు దాటకముందే కేబులో గాలో మళ్లీ చూడమనండి.