ఒకే ఊరి శ్రోతలు

ఆదివారం, విజయనగరం.

పొద్దున్నే కరెంటు పోయింది. మా పాడ్‌కాస్ట్ ఎడిటింగ్ ఎలాగూ కుదరదని గంటస్తంభం దాకా నడిచి, టీ తాగుతూ మెయిల్ తెరిచాను. ఎవరో 'పాడ్‌కాస్ట్ గ్రోత్ ఎక్స్‌పర్ట్' అట. మా ఏడో ఎపిసోడ్‌లో అతిథి చెప్పిన మాటలు ఆయన జీవితాన్నే మార్చేశాయట. ఆ ఎపిసోడ్‌లో మాటలే లేవు. మా వైపు జానపద నృత్యం తప్పెటగుళ్ళ సాధన, కాళ్ల గజ్జెలు, మధ్యలో ఒక కుక్క. అంతే. టీ కొట్టు దగ్గరే పైకి నవ్వేశాను. రేటు 4,999 రూపాయలు, పదివేల డౌన్‌లోడ్లు గ్యారంటీ!

నవ్వాను గానీ, నిరుడు ఇలాంటివాడికే 3,000 కట్టినవాణ్ణి నేను. 'మీ గొంతు ప్రపంచమంతా వినాలి' అన్నాడు. ఆ ఒక్క ముక్కకే పడిపోయాను. రెండు రోజుల్లో డౌన్‌లోడ్ల గ్రాఫ్ నిట్టనిలువుగా లేచింది. ఇంట్లో అందరికీ చూపించాను. ఎక్కడి నుంచి వింటున్నారా అని చూస్తే, దాదాపు అందరూ అమెరికాలోని యాష్‌బర్న్. మన బొబ్బిలోళ్లు అక్కడ ఇంతమంది ఉన్నారా అని కాసేపు మురిసిపోయాను కూడా. తీరా చూస్తే అది డేటా సెంటర్ల ఊరు. విన్నవి మెషీన్లు. డబ్బు సంగతి మర్చిపోయాను గానీ, మా అప్ప (అక్క) మర్చిపోనివ్వదు. "నీ యాష్‌బర్నోలు బాగున్నారేటిరా?" అని ఇప్పటికీ అడుగుతుంది.

మధ్యాహ్నం కరెంటు వచ్చాక, అసలు నా మెయిల్ వీళ్లకెలా దొరుకుతోందో వెతికాను. ఎపిసోడ్ల వివరాలను యాప్‌లకు అందించే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌లోనే ఉంది, ఎవరైనా చూడొచ్చు. స్పాటిఫైలో షో మనదేనని చూపించుకోవడానికి కోడ్ వచ్చేది కూడా ఆ మెయిల్‌కే. "ఒక కోడ్ వస్తుంది, కాస్త పంపించండి సార్" అని పోయిన నెల ఒకడు అంత మర్యాదగా ఎందుకు అడిగాడో ఇప్పుడు తెలిసింది. హోస్టింగ్ సెట్టింగ్స్‌లో మెయిల్ దాచేశాను. అవసరం పడినప్పుడు తెరిచి, పని అయ్యాక మూసేస్తే సరి. పాస్‌వర్డ్ కూడా మార్చాను. ఇన్నాళ్లూ అది అప్ప పుట్టినరోజే. ఆ సంగతి అప్పకి చెప్పలేదు.

సాయంత్రం తప్పెటగుళ్ళ పెద్దాయన ఫోన్ చేశాడు. మనవడు వినిపించాడట, మూడుసార్లు విన్నాడట.

"అంతా బాగుంది గానీ బావూ, ఆ కుక్కనెందుకు ఉంచీసినావు?"

తీసేయమంటారా అన్నాను.

కాసేపు ఆలోచించాడు. "ఒద్దులే, ఉండనీ. అది మా కుక్కే."