వారంట్ ఏదని అడిగాను, కాగితం అడగలేదు

పొద్దున ఆరున్నరకి తలుపు చప్పుడైతే పాలబ్బాయనుకుని తీశాను. ఎదురుగా ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు, మఫ్టీలో మరో ఇద్దరు.

మాది మెహదీపట్నం వైపు అద్దె ఇల్లు. మా అక్క కొడుకు మా దగ్గరుండి అమీర్‌పేటలో కోచింగ్‌కి పోతాడు. కమిషన్ ఆశకి వాడి బ్యాంకు ఖాతాను ఎవరికో వాడుకోనిచ్చాడట. సైబర్ మోసం డబ్బు అందులోంచి దాటిపోయింది. ఆ సంగతి మాకు గుమ్మంలోనే తెలిసింది.

"సెర్చ్ వారంట్ ఉందా సార్?" అన్నాను. సినిమాల పుణ్యం.

"185 కింద వచ్చినం. అవసరం లేదు."

నాంపల్లి కోర్టులో ఒక వకీలు దగ్గర గుమాస్తాగా చేసే మా చిన్నాన్నకి ఫోన్ కొట్టాను. "అడ్డం నిలబడకు బిడ్డా, ఇంకో కేసు అయితది. పంచులెవరో చూడు. లిస్టు కాపీ తీసుకున్నంకనే పోనియ్యి" అన్నాడు. పంచులంటే సోదాకి సాక్షులు.

ఆయన చెప్పిందాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. 185 అంటే, క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఒక సెక్షన్. అంతకుముందున్న సీఆర్‌పీసీలో అదే 165. వారంట్ తెచ్చేలోపు సరుకు మాయమవుతుందని నమ్మడానికి తగిన కారణముంటే దర్యాప్తు అధికారి నేరుగా సోదా చేయొచ్చు. ఫోన్లో డేటా చెరిపేయడానికి ఎంతసేపు! అయితే ఆ కారణం, వెతికే వస్తువు ముందే కాగితం మీద పెట్టాలి. సోదా అంతా వీడియో తీయాలి.

వీడియో తీశారు, సింకులో అంట్లతో సహా. మా ఆవిడకి ఇప్పటికీ ఆ బాధే. పంచులంటూ మఫ్టీవాళ్లను చూపిస్తే, "ఇరుగుపొరుగు వాళ్లను పిలవండి సార్" అన్నాను. ఎదురింటి రిటైర్డ్ మాస్టారు, కింద కిరాణా కొట్టాయన వచ్చారు. నా ల్యాప్‌టాప్, వాడి రెండు ఫోన్లు, పాస్‌బుక్ తీసుకున్నారు. జాబితా నకలు అక్కడికక్కడే ఇవ్వాలి. "స్టేషన్‌కొచ్చి తీస్కో అన్నా" అంటే సరేనని తలూపాను. దానికి మూడుసార్లు తిరిగాను. రైటర్ లేడు, రేపు రా.

చిన్నాన్న తిట్టాడు. సోదా ఎందుకు చేశారో రాసిన రికార్డు 48 గంటల్లోపు మేజిస్ట్రేట్‌కు చేరాల్సిందే. ఇంట్లో ఉంటున్నవాళ్లు దరఖాస్తు పెడితే నకలు ఉచితం. సొంతిల్లే కానక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసిస్తే కోర్టు నుంచే వచ్చింది, జాబితాతో సహా.

ల్యాప్‌టాప్ బిల్లు నా పేరునే ఉంది కాబట్టి, కేసు తేలేలోపే దాన్ని తిరిగి ఇప్పించమని అదే సంహితలోని 497 కింద కోర్టులో పిటిషన్ వేశాం. వాడి బెయిలు తిప్పలు వేరే కథ. ల్యాప్‌టాప్‌లో ఉన్నదంతా కాపీ తీసుకున్నాక, అడిగినప్పుడు తెచ్చి చూపిస్తానని బాండు రాయించుకుని ఇచ్చారు.

ఛార్జర్ రాలేదు. "జాబితాలో చూడన్నా" అన్నాడు కానిస్టేబుల్. చూశాను. ల్యాప్‌టాప్ ఒకటి, నలుపు రంగు. ఛార్జర్ ఊసే లేదు, కింద నా సంతకం ఉంది.