కోలాటంలో కొత్తవాళ్లకు చోటు: ఆషాఢం నుంచి దసరా దాకా

ఆషాఢం

మా కాలనీ రామాలయం ఆవరణలో సాయంత్రం కోలాటం సాధనకు కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు, నిలిచేవాళ్లే తక్కువ. అడుగులు రాక మానేస్తున్నారని అంటారు గానీ, మానేసినవాళ్లను ఇంటికి వెళ్లి అడిగితే వేరే మాట వినిపించింది: "నేను తప్పితే మీ వరుసంతా చెదిరిపోతోందండీ. అందరూ నావైపే చూస్తున్నారు." నిజమే, ఒక్కరు దారి తప్పితే వెనకవాళ్లకు జత దొరకదు. అందుకే ముందుగా కొత్తవాళ్లు నిలబడే చోటు మార్చాం.

ఇప్పుడు రెండు వలయాలు. కొత్తవాళ్లు లోపలి వలయంలో బయటివైపు తిరిగి నిలబడతారు, అక్కడి నుంచి కదలరు. అలవాటైనవాళ్లు బయటి వలయంలో ఉంటారు. ఎనిమిది లెక్కల కోపు (కోలాటంలో ఒక ఆట వరుస) ఒక్కటే: ఒకటికి సొంత కోలలు, రెండుకు ఎదుటివారి కుడి కోల, మూడుకు మళ్లీ సొంతవి, నాలుగుకు ఎడమ కోల. అయిదుకు, ఆరుకు సొంతవే. ఏడు, ఎనిమిదిలో బయటివాళ్లు ఒక స్థానం కుడికి జరుగుతారు. లోపలామె లెక్క తప్పినా కంగారు లేదు. కోలలు ముందుకు పట్టుకుని ఆగితే చాలు, తరువాత వచ్చేవారే వాటిని తట్టి లెక్క అందిస్తారు. పాట ముగిసేలోపు ఆమె చాలామందితో ముఖాముఖి ఆడేస్తుంది, పేర్లూ తెలుస్తాయి. సరి సంఖ్య కుదరని రోజు మాలో ఒకరు తాళాలు పట్టుకుంటారు. కొత్తవారిని మాత్రం పక్కన కూర్చోబెట్టం.

శ్రావణం

వేళ్లకు దెబ్బ తగులుతుందనే భయం చిన్నది కాదు. కోల కింది కొసకు దగ్గరగా పట్టుకోవాలి, బొటనవేలు కోల మీదుగా పైకి చాచకూడదు. ఛాతీ ఎత్తున, కోల పైభాగంలోనే తగలాలి. గజ్జెలు లేని తేలికపాటి కోలలు కొన్ని గుడిలోనే ఉంచాం, మొదటిరోజే కొనమని ఎవరికీ చెప్పం. కొసలు గరుకు కాగితంతో నున్నగా రుద్దాం.

సాధనలో ఫోనులో పాట పెట్టడం మానేశాం. రికార్డు ఎవరికోసమూ ఆగదు, పాడే మనిషి ఆగుతుంది. మా పిన్నిగారు లోపలి వలయం చూస్తూ పాడతారు. ఎక్కడైనా తడబాటు కనిపిస్తే పల్లవినే మరోసారి ఎత్తుకుంటారు. ఎవరు తడబడ్డారో మిగతావాళ్లకు తెలియదు. ఈ నేర్పు నాకు అపురూపంగా అనిపిస్తుంది.

భాద్రపదం

పాట నడుస్తుండగా ఎవరూ ఎవరినీ దిద్దకూడదని ఒప్పుకున్నాం. పాతవాళ్లకు ఇదే అన్నిటికంటే కష్టమైంది. మోకాళ్ల నొప్పులున్నవారు వంగే చోట నిలబడే ఆడతారు.

తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు ఒకే రంగు చీరల్లో ఆడే బృందాలను టీవీలో చూసి, చీర కొంటే గానీ చేర్చుకోరని అనుకునేవారున్నారు. చేరేటప్పుడే చెబుతున్నాం: సాధనకు ఏ బట్టలైనా సరే, నవరాత్రులకు ఇంట్లో ఉన్న ఎర్రంచు చీర ఏదైనా సరే.

దసరా

ఆషాఢంలో చేరినవారిలో ఎక్కువమంది అమ్మవారి ముందు ఆడారు. ఇద్దరు అప్పుడే బయటి వలయంలోకి వచ్చేశారు. పైనుంచి వేలాడే తాళ్లను ఆడుతూ జడలా అల్లి, మళ్లీ విప్పే జడ కోలాటంలో మాత్రం కొత్తవాళ్లను ఇంకా కలపలేదు. ఒక్కరు తాడు తప్పు వైపు తిప్పితే అల్లిక పాడవుతుంది, విప్పేటప్పుడు ముడి పడుతుంది. కార్తీకంలో నాలుగే తాళ్లతో మొదలుపెడతాం: రెండు పాతవారికి, రెండు కొత్తవారికి. అల్లడం కంటే ముందు విప్పడం నేర్పి చూడాలని ఉంది.