పేరు మారిస్తే సరిపోతుందా?

అత్యాచారం కేసు గురించి రాసేటప్పుడు బాధితురాలి పేరు మార్చేస్తే పనైపోయిందనుకునేవాళ్లే ఎక్కువ. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ (పాత ఐపీసీ 228ఏ) అంతటితో ఊరుకోదు. ఆమె ఎవరో తెలిసిపోయేలా ఏం ప్రచురించినా రెండేళ్ల దాకా జైలు, జరిమానా. దూరపు ఆనవాలు కూడా ఇవ్వకూడదని 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆనవాళ్లు ముక్కలుగా బయటపడతాయి. ఒక పేపరు మండలం పేరు వేస్తుంది. ఒక చానల్ తండ్రి ఏ డిపోలో కండక్టరో చెబుతుంది. ఇంకెవరో కాలేజీ పేరు రాస్తారు. మూడూ కలిపితే ఊళ్లో ఎవరైనా ఇల్లు చూపించేస్తారు. ముఖం మసకచేసి గొంతు, వాకిలి అలాగే వదిలేసినా అంతే.

బాధితురాలికి పద్దెనిమిదేళ్లు నిండితే, తానెవరో బయటపెట్టాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. అనుమతి ఆమే రాసివ్వాలి. భర్తో అన్నో సంతకం పెడితే చెల్లదు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకైతే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) 23వ సెక్షన్ వర్తిస్తుంది: అమ్మానాన్నలు సరేనన్నా చాలదు, పిల్లల మేలు కోసమని ప్రత్యేక కోర్టే కారణాలు రాసి అనుమతించాలి.

అడగడానికీ ఒక పద్ధతుంది. ఇంట్లోవాళ్లు పక్కన లేనప్పుడు అడగండి. పేరు, ఫొటో, గొంతు, కథ: నాలుగింటికీ విడివిడిగా అడగండి, ఒకదానికి సరేనంటే మిగతావాటికీ అన్నట్టు కాదు. 'ఎక్కడైనా వాడుకోవచ్చు' అనే వాక్యం మీద సంతకం తీసుకోవద్దు. రాసింది చదివి వినిపించండి. స్క్రీన్‌షాట్లు వెనక్కి రావని ముందే చెప్పండి, తర్వాత చెప్పి లాభం లేదు.

కేసు నడుస్తుంటే ఇంకో చిక్కుంది. మేజిస్ట్రేటు ముందు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 183వ సెక్షన్ కింద (పాత సీఆర్పీసీ 164) ఇచ్చిన వాంగ్మూలానికీ ఇంటర్వ్యూకీ తేదీలో, వరుసలో తేడా వస్తే క్రాస్ ఎగ్జామినేషన్‌లో డిఫెన్స్ లాయరు దాన్నే పట్టుకుంటాడు. అందుకని ముందు ఆమె తన లాయరుతో మాట్లాడుకునే వీలివ్వాలి. ఇదే వంకతో ఆమె నోరు మూయించడం మాత్రం అన్యాయం.

ఏళ్ల తర్వాతైనా తనకు నచ్చిన వేదిక మీద చెప్పుకునే హక్కు మహిళకుందని 2021 ఫిబ్రవరి 17న ప్రియా రమణి కేసులో (లైంగిక వేధింపుల గురించి బయటపెట్టినందుకు ఈ జర్నలిస్టు మీద మాజీ కేంద్రమంత్రి ఎం.జె. అక్బర్ వేసిన పరువునష్టం కేసు) ఢిల్లీ కోర్టు అంది. ఆ తీర్పునే చూపించి 'మరి నువ్వెందుకు చెప్పవు?' అని నిలదీసేవాళ్లున్నారు. ఆ హక్కును బాధ్యతగా మార్చే అధికారం వాళ్లకెవరిచ్చారు?

చెప్పాక ఆమె వద్దనుకుంటే తీసేయండి. శీర్షిక, థంబ్‌నెయిల్, ఫొటో ఫైలు పేరు కూడా చూడండి. పోస్టులో పేరు చెరిపేసినా లింకులో అది అలాగే మిగిలిపోతుంటుంది.