15 వేల దిర్హాంల ఆఫర్: దుబాయ్ వెళ్తే చివరికి మిగిలేదెంత?

ఒక మామూలు ఆఫర్ తీసుకుందాం. హైదరాబాద్‌లో 24 లక్షల సీటీసీ. భార్య, బడికెళ్లే ఒక పాప. దుబాయ్ కంపెనీ నెలకు 15,000 దిర్హాంలు ఇస్తానంది. దిర్హాం 24 రూపాయలు అనుకుంటే 3 లక్షల 60 వేలు, పైగా జీతం మీద పన్ను లేదు. ఇక్కడ చేతికొచ్చేది లక్షన్నర. ఇంట్లో వాళ్లూ, ఆఫీసులో వాళ్లూ అనే మాట ఒక్కటే: "ఇంకా ఆలోచిస్తున్నావా?"

ఆలోచించాలి. ఈ లెక్కలో గుణించడం అందరూ చేస్తారు, తీసివేయడం మాత్రం వెళ్లాక మొదలుపెడతారు.

ముందు ఇక్కడి సంగతి తేలుద్దాం. 24 లక్షల్లో బేసిక్ సగం, అంటే 12 లక్షలు అనుకోండి. కంపెనీ వాటా పీఎఫ్ 1,44,000, గ్రాట్యుటీ కింద పక్కన పెట్టేది దాదాపు 58 వేలు తీసేస్తే గ్రాస్ దగ్గర దగ్గర 22 లక్షలు. 2025-26 కొత్త పన్ను విధానంలో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోగా పన్ను, సెస్‌తో కలిపి 2 లక్షల 40 వేలు. మన వాటా పీఎఫ్, ప్రొఫెషనల్ ట్యాక్స్ కూడా పోతే నెలకు 1,51,000. ఇది కాక పీఎఫ్ ఖాతాలో రెండు వాటాలూ కలిపి నెలకు 24,000 పడుతుంది. ఆఫర్లు పోల్చేటప్పుడు చాలామంది మర్చిపోయే అంకె ఇదే. కళ్లకు కనిపించదు గనక పొదుపు కాదనుకుంటారు.

కొండాపూర్ వైపు అద్దె 30 వేలు, బడి 12, సరుకులూ పాలూ పనమ్మాయీ కలిపి 30, పెట్రోలు 6, కరెంటు, ఇంటర్నెట్ 4, మిగతావి 15 అనుకున్నా నెలకు 54 వేలు మిగులుతాయి. పీఎఫ్ కలిపితే 78 వేలు. దుబాయ్ ఆఫర్ గెలవాల్సింది ఈ 78 వేల మీదే గానీ లక్షన్నర మీద కాదు.

ఇప్పుడు అవతలి వైపు. అల్ నహ్దా, అల్ ఖుసైస్ లాంటి చోట ఒక బెడ్రూం ఫ్లాట్‌కు ఏడాదికి 70,000 దిర్హాంలు వేసుకుందాం. నెలకు 5,830. దీని మీద దుబాయ్ మునిసిపాలిటీ హౌసింగ్ ఫీజు, ఏడాది అద్దెలో 5 శాతం, డీవా (అక్కడి కరెంటు, నీళ్ల సంస్థ) బిల్లులో నెలనెలా కలిసి వస్తుంది: 290. కరెంటు, నీళ్లు 450. ఇంటర్నెట్ 350, రెండు ఫోన్లు 200. సరుకులు, కూరలు, గ్యాస్ 2,000. ఇండియన్ కరికులం బడి, బస్సు, పుస్తకాలు కలిపి నెలకు 1,500. అన్ని జోన్లకూ చెల్లే మెట్రో నెలవారీ పాస్ 350. భార్యాబిడ్డల వీసా ఖర్చు ఇద్దరికీ రెండేళ్లకు 10 వేలు, అంటే నెలకు 420. వాళ్ల ఇన్సూరెన్స్ 200. ఏడాదికోసారి ఇంటికి రావడానికి వాళ్ల టికెట్లు నెలకు 350. బట్టలు, మందులు, వారాంతాలు 900.

కూడితే 12,840. మిగిలేది 2,160 దిర్హాంలు, సుమారు 52 వేల రూపాయలు. గ్రాట్యుటీ కలిపినా సుమారు 64 వేలే. అంటే జీతం రెండింతలై, పొదుపు 14 వేలు తగ్గింది. ఇక్కడ భార్య కూడా ఉద్యోగం చేస్తుంటే ఆ జీతం కూడా ఈ తేడాలోకి చేర్చాలి. భర్త స్పాన్సర్ చేసిన వీసా మీద ఉన్నా ఆమె అక్కడ పని చేయొచ్చు, తీసుకునే కంపెనీ వర్క్ పర్మిట్ తెచ్చుకుంటే చాలు. అయితే ఉద్యోగం దొరికిందాకా దాన్ని లెక్కలో వేయకండి.

ఇదే ఆఫర్ పెళ్లికాని కుర్రాడికైతే కథ వేరు. షేరింగ్ ఫ్లాట్‌లో సొంత గదికి 2,500, తిండి 1,200, ఫోను, మెట్రో, మిగతావి 1,500 వేసినా 9,800 మిగులుతుంది. నెలకు 2 లక్షల 35 వేలు. అతను మారు మాట్లాడకుండా వెళ్లొచ్చు. ఒకే అంకె ఒకరికి లాభం, ఇంకొకరికి నష్టం. అందుకే "దుబాయ్‌లో 15 వేలు మంచి జీతమేనా?" అనే ప్రశ్నకు జవాబు ఉండదు. నా అంచనాలో ముగ్గురికి 20 వేలైతే కదలొచ్చు. ఇద్దరు పిల్లలు, కారు అంటే 25 వేలకు తగ్గితే కదలక్కర్లేదు. కారు విషయంలో ఇంకో మాట: మన డ్రైవింగ్ లైసెన్స్‌ను నేరుగా అక్కడి లైసెన్స్‌గా మార్చివ్వరు. టెస్టు పాసవ్వాల్సిందే, అది వేల దిర్హాంల పని.

అద్దె దగ్గర కొంచెం ఆగాలి, ఎక్కువమంది లెక్క తప్పేది అక్కడే. దుబాయ్‌లో అద్దె నెలనెలా కట్టేది కాదు. ఏడాది అద్దెను ఒకటి, రెండు, నాలుగు, ఎక్కువలో ఎక్కువ పన్నెండు పోస్ట్ డేటెడ్ చెక్కులుగా ముందే రాసివ్వాలి. చెక్కులు తగ్గేకొద్దీ ఓనర్ అద్దె తగ్గిస్తాడు. చెక్‌బుక్ కావాలంటే బ్యాంకు ఖాతా, ఖాతా కావాలంటే ఎమిరేట్స్ ఐడీ, ఐడీ కావాలంటే మెడికల్, రెసిడెన్సీ వీసా. ఇవన్నీ అయ్యేసరికి వారాలు గడుస్తాయి. అందాకా హోటల్ అపార్ట్‌మెంట్‌లోనో, తెలిసినవాళ్ల దగ్గరో ఉండాలి. కంపెనీ మొదటి నెల వసతి ఇస్తుందా లేదా అన్నది ఆఫర్‌లో చిన్న లైనే, కానీ అది వేల దిర్హాంల తేడా.

ఇల్లు దొరికిన రోజు ఏమేం కట్టాలో చూడండి. నాలుగు చెక్కుల లెక్కన మొదటి చెక్కు 17,500. సామాన్లు లేని ఫ్లాట్‌కు డిపాజిట్ 5 శాతం, 3,500. ఏజెంట్ కమిషన్ 5 శాతం, దాని మీద వ్యాట్, 3,675. డీవా డిపాజిట్ అపార్ట్‌మెంట్‌కు 2,000, కనెక్షన్ ఛార్జీలు అదనం. ఎజారీ, అంటే అద్దె ఒప్పందం రిజిస్ట్రేషన్, రెండొందల పైచిలుకు. మంచాలు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ పాతవి కొన్నా 7,000. వీసాలు 10,000, బడి మొదటి టర్మ్ 4,000. మొత్తం 48 వేల దిర్హాంలు, 11 లక్షల 50 వేల రూపాయలు. మొదటి ఏడాదంతా కూడబెట్టే 26 వేలు అప్పటికి చేతిలో ఉండవు. మొదటి రెండేళ్లలో తిరిగొచ్చే ఆలోచన ఉన్నవాళ్లు దీన్ని 24తో భాగించి నెల ఖర్చులో కలుపుకోవాలి, మొదటి చెక్కు, వీసా, బడి డబ్బు పైన ఒకసారి వేశాం, డిపాజిట్లు తిరిగొస్తాయి కాబట్టి అవి వదిలేసి. ఏడాది అద్దెను అడ్వాన్స్‌గా ఇచ్చి జీతంలోంచి కోసుకునే కంపెనీలున్నాయి. అడిగితేనే ఇస్తారు.

ప్రకటనలో "చిల్లర్ ఫ్రీ" అని ఉందో లేదో కూడా చూడండి. ఉంటే ఏసీ ఖర్చు అద్దెలోనే కలిసినట్టు. లేకపోతే, ఆ భవనం డిస్ట్రిక్ట్ కూలింగ్ (ఒకే చోట నుంచి చాలా భవనాలకు చల్లదనం పంపే ఏర్పాటు) మీద ఉంటే, కూలింగ్ కంపెనీ విడిగా బిల్లేస్తుంది. అందులో వాడకంతో పాటు స్థిర ఛార్జీ కూడా ఉంటుంది, నెల రోజులు ఇంటికి తాళం వేసి ఊరెళ్లినా అది పడుతుంది. 65 వేల ఫ్లాట్ చవకనుకుని దిగి, జులై బిల్లు చూశాక 70 వేల చిల్లర్ ఫ్రీ ఫ్లాటే నయమనుకునేవాళ్లు చాలామంది. పక్కనే ఉన్న షార్జాలో అద్దె తక్కువే, నిజం. ఉదయం దుబాయ్ వైపు, సాయంత్రం వెనక్కి ఆ రోడ్లు ఎలా ఉంటాయో ఒక్క వారం చూసి అప్పుడు తేల్చుకోండి.

రెండో ఏడాది అద్దె ఎంత పెరుగుతుందన్నది మాత్రం ఓనర్ ఇష్టం కాదు. 2013 నాటి డిక్రీ ప్రకారం మీ అద్దె మార్కెట్ సగటు కంటే 10 శాతంలోపు తక్కువుంటే అసలు పెంచకూడదు. 11 నుంచి 20 శాతం తక్కువుంటే 5 శాతం, అలా మెట్లు ఎక్కి గరిష్ఠంగా 20 శాతం. గడువుకు 90 రోజుల ముందు నోటీసివ్వాలి. సగటెంతో దుబాయ్ ల్యాండ్ డిపార్ట్‌మెంట్ రెంటల్ ఇండెక్స్‌లో చూసుకోవచ్చు.

ఇక ఆఫర్ లెటర్. 15,000 ఎలా విడగొట్టారన్నది మొదట చూడాలి. గ్రాట్యుటీ బేసిక్ మీదే లెక్కిస్తారు: మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులు. ఏడాది నిండకపోతే సున్నా. బేసిక్ 9,000 అయితే ఏడాదికి 6,300 వస్తుంది. అదే 15,000లో బేసిక్ 5,000 అని రాసి మిగతాదంతా అలవెన్సుల్లోకి నెట్టేస్తే 3,500. అయిదేళ్లలో 14 వేల దిర్హాంల తేడా, కంపెనీ ఒక్క దిర్హాం జీతం తగ్గించినట్టు కనపడదు. ఉద్యోగం పోతే వచ్చే ఇన్సూరెన్స్ కూడా బేసిక్‌లో 60 శాతమే, అదీ మూడు నెలలు, ఏడాది ప్రీమియం కట్టి ఉంటేనే. రాజీనామా చేస్తే రాదు. మొత్తం పెంచమంటే ఒప్పుకోని హెచ్‌ఆర్ బేసిక్ పెంచమంటే తరచూ ఒప్పుకుంటుంది, బేరం అక్కడ ఆడండి. డీఐఎఫ్‌సీలో, అంటే దుబాయ్ ఇంటర్నేషనల్ ఫైనాన్షియల్ సెంటర్‌లో, ఉన్న కంపెనీలది వేరే పద్ధతి. 2020 ఫిబ్రవరి నుంచి అక్కడ గ్రాట్యుటీ బదులు బేసిక్‌లో 5.83 శాతం, అయిదేళ్లు దాటాక 8.33 శాతం నెలనెలా ఫండ్‌లో జమ చేస్తారు.

వీసా, రిక్రూట్‌మెంట్ ఖర్చు ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదని అక్కడి లేబర్ చట్టమే చెబుతోంది. "రెండేళ్లలోపు మానేస్తే వీసా ఖర్చు కట్టాలి" అన్న లైను కనిపిస్తే ప్రశ్నించండి. దుబాయ్‌లో ఉద్యోగికి ఆరోగ్య బీమా కంపెనీ ఇవ్వాల్సిందే, కుటుంబానిది మాత్రం స్పాన్సర్ బాధ్యత, అంటే మీదే. "మెడికల్ ఉంది" అని హెచ్‌ఆర్ అంటే ఎవరికి అని అడగాలి. టికెట్ కూడా అంతే: ఒకరికా, ముగ్గురికా, ఏడాదికా, రెండేళ్లకా.

సర్టిఫికెట్ల అటెస్టేషన్‌కు ముందే దిగండి. డిగ్రీకి, పెళ్లి సర్టిఫికెట్‌కి, పాప జనన ధ్రువపత్రానికి వరస ఒకటే: రాష్ట్ర స్థాయిలో, తర్వాత మన విదేశాంగ శాఖ, ఆపైన ఎమిరేట్స్ ఎంబసీ, చివర ఎమిరేట్స్ విదేశాంగ శాఖ. పెళ్లి రిజిస్టర్ చేయించుకోనివాళ్లకు ఇక్కడే బండి ఆగుతుంది. పేర్ల విషయమూ చూసుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, డిగ్రీలో ఒక్క అక్షరం ఉంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి.

ఇప్పుడు వెళ్లే తేదీ. దీన్ని ఎవరూ జీతం లెక్కలో వేయరు, కానీ లక్షలు ఇక్కడే ఉన్నాయి. ఉద్యోగం కోసం దేశం విడిచే భారతీయుడు ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడ ఉంటే రెసిడెంట్ కిందే లెక్క. అప్పుడు దుబాయ్ జీతానికి ఇక్కడ పన్ను కట్టాలి. ఏప్రిల్ 1 నుంచి లెక్కపెడితే సెప్టెంబర్ 28కి 181 రోజులు, అంటే ఆలోపే వెళ్లాలి. పై ఉదాహరణలోని మనిషి నవంబర్ 1న విమానం ఎక్కితే మార్చి దాకా అక్కడ తీసుకునే 75,000 దిర్హాంలు, అంటే 18 లక్షలు, ఇక్కడి ఏడు నెలల జీతం మీద కూడతాయి. అదనంగా పడే పన్ను దాదాపు 4 లక్షల 38 వేలు.

ఆఫర్ జులైలో వచ్చి, ఇక్కడ నోటీసు 90 రోజులైతే సరిగ్గా ఈ గోతిలో పడతారు. అప్పుడు నెల నోటీసు డబ్బు కట్టి ముందే బయటపడినా చవకే. ఆ డబ్బు కొత్త కంపెనీని అడిగినా తప్పులేదు. సెప్టెంబర్ 20న వెళ్లినవాళ్లకు ఇంకో చిక్కుంది. అప్పటికే 173 రోజులయ్యాయి. సంక్రాంతికి పన్నెండు రోజులు ఊరొస్తే 185. ఆ ఏడాది పండక్కి భార్యాబిడ్డల్ని పంపి, మీరు ఏప్రిల్‌లో రండి.