దువ్వెన గీతలు పోయి తాతయ్య కనిపించారు

2004 కనుమ నాడు కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థాన్ని మా బాబాయి మినీడీవీ కెమెరాతో, అంటే చిన్న డిజిటల్ టేపు కెమెరాతో తీశాడు. ప్రభ కౌశిక నదిలోకి దిగేటప్పుడు మోసేవాళ్ళలో మా తాతయ్య ఉన్నారు. ఆయన నడుస్తూ కనిపించే వీడియో మా ఇంట్లో అదొక్కటే.

టేపుని కంప్యూటర్ ఫైలుగా మార్చమని ముందు టౌనులో ఒక షాపుకిచ్చాను. ప్రభ ఆగి ఉన్నంతసేపూ బొమ్మ బాగానే ఉంది. కదిలిందంటే చాలు, తాతయ్య భుజం, తలపాగా, ప్రభ అంచులు దువ్వెన పళ్ళలా చీలిపోయాయి. అడిగితే, "పాత టేపులింతే. అంత తెలిస్తే నువ్వే చేసుకో బాబూ" అన్నాడు, పదిమంది ముందు. తల కొట్టేసినట్టయింది.

టేపుకి ఏ రోగమూ లేదు. మన దేశంలో వాడిన పాల్ పద్ధతి వీడియోలో సెకనుకి 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులు, అంటే రెండు సగం బొమ్మలు. బేసి గీతలు ఒక క్షణానివైతే, సరి గీతలు సెకనులో యాభయ్యో వంతు తేడాతో తీసినవి. ఆలోపు మనిషి కాస్త జరుగుతాడు. వాటిని విడదీయకుండానే 576 గీతల బొమ్మని హెచ్‌డీకి సాగదీశాడు ఆ పెద్దమనిషి. గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాక ఇక ఎవరూ విడదీయలేరు. సైజు పెంచడం ఎప్పుడూ ఆఖరి పనే.

స్నేహితుడి పాత కంప్యూటర్లో ఫైర్‌వైర్ ఉంది, కెమెరా నుంచి వీడియో నేరుగా దించుకునే పోర్టు. గంటలో టేపు ఎక్కేసింది.

అసలు టెన్షన్ తర్వాత మొదలైంది. వీడియోలు మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ సాఫ్ట్‌వేర్‌లో, ఫీల్డుల్ని విడదీసే యాడిఫ్ ఫిల్టర్ పెట్టాను. గీతలు పోయాయి కానీ తాతయ్య ఒకడుగు ముందుకి, అరడుగు వెనక్కి వణికిపోతున్నారు. "అశ్శరభ" అని అరుస్తూ నీళ్ళలోకి దిగే జనమంతా అంతే. రెండు రాత్రులు నిద్రలేదు. షాపువాడి మాటే నిజమేమో అని కూడా అనిపించింది. మూడో రాత్రి ఒక్కో ఫీల్డునీ విడిగా చూస్తే తెలిసింది, వరస తలకిందులైంది. మినీడీవీలో కింది ఫీల్డు, అంటే సరి గీతలది, ముందు వస్తుంది. నేను ఎక్కడో చూసి రాసుకున్న యాడిఫ్=1:0 పై ఫీల్డే ముందంటోంది. చివరి సున్నా తీసి ఒకటి పెట్టాను, అంతే! ముందున్న ఒకటి వల్ల ప్రతి ఫీల్డూ ఒక ఫ్రేమై, సెకనుకి 50 వచ్చాయి. తాతయ్య తడిసిన పంచె బిగించి, ప్రభ వైపు తల ఎత్తడం వరకూ స్పష్టంగా ఉంది.

ఎవరైనా చేసుకుంటే టేపు నుంచి దించిన అసలు ఫైల్ మాత్రం చెరపకండి. మా అత్తయ్య పెళ్ళి టేపులు ఇంకా రెండున్నాయి. అవి ఏ షాపు గడపా తొక్కవు.